కొండెక్కిన బట్టీలు

రోజు 1

నా చేతిరాత బాగుండదు. ఒత్తులు ఎక్కడో ఒకచోట జారిపోతాయి. శ, ష, స ఈ మూడింటిలో ఏది ఎక్కడ రాయాలో ఇప్పటికీ తేల్చుకోలేను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. చదివేటప్పుడు నవ్వొస్తే నవ్వుకో, తిట్టుకోకు.

నువ్వెవరో నాకు తెలియదు. నాలుగు నెలలయ్యాక బట్టీలపాలెంలో ఊరి పుస్తకం రాసేదెవరో తేల్చడానికి మళ్ళీ చీటీలు వేస్తారు. అందులో పేరొచ్చిన ఆడమనిషివి నువ్వు. నాకన్నా పెద్దదానివైతే ‘నువ్వు’ అన్నందుకు ఏమీ అనుకోకు. ‘మీరు’ అని మొదలుపెడితే ఆఫీసు వాళ్ళకు రాస్తున్నట్టుంటే కొట్టేశాను.

ప్లానాఫీసు ఇచ్చిన పుస్తకం వేరే ఉంది, ఆకుపచ్చ అట్టది. ఊళ్ళో ఏ పొయ్యి వెలిగింది, ఏ మోటారు తిరిగింది, ఎవరింటి కప్పుకు సున్నం వేశారు, అన్నీ అందులో రాయాలి. ప్రతి ఆదివారం ఆ పేజీలు పంచాయతీ గోడకున్న అద్దానికి చూపించాలి. అద్దం చదువుకుని, రాజధాని భాషలోకి మార్చి పంపేస్తుంది. అక్కడ అన్ని ఊళ్ళ పుస్తకాలూ కలిపి దేశం పొగ ఎంత తగ్గిందో, ఇంకెంత తగ్గాలో, ఏ ఊరికి ఏ సాయం ముందు పంపాలో తేలుస్తారు. నేను నింపిన ఆ పుస్తకం నీ చేతికి రాదు, నీకు కొత్తది ఇస్తారు. నాకు ముందు ఎవరూ రాయలేదు కాబట్టి ఎలా రాయాలో చెప్పేవాళ్ళు లేరు. అందుకే నీ కోసం ఈ పక్క పుస్తకం.

ఎలా రాయమంటారో పుస్తకం ఇచ్చిన ఆఫీసరునే అడుగుదామని గుమ్మం దాకా వెళ్ళి తలుపు చాటున ఆగిపోయాను. మా అత్త ఆదెమ్మే అడిగింది.

"ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే రాయమనండి" అన్నాడాయన.

ఆయన వెళ్ళాక మా అత్త నన్ను పిలిచింది. "ఏమే సామ్రాజ్యం, దేశమంతా సున్నా కావాలంటన్నాడు, ఏందే అది?"

"పొగ అత్తా. వదిలిన పొగా, మళ్ళీ పీల్చుకున్న పొగా పోను మిగిలేది సున్నా కావాలంట."

"నేను సున్నం అనుకున్నా. దేశమంతా సున్నమంటే మనోళ్ళకి చేతినిండా పనేగదా అని సంబరపడ్డా."

అవును, నా పేరు సామ్రాజ్యం. ఇంత పేరు పెట్టుకుని తలుపు చాటున నిలబడతానని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

రోజు 8

పది నుంచి నాలుగు దాకా ఎండ కరెంటు, ఎంత వాడినా అడిగేవాళ్ళు లేరు. నాలుగు దాటితే నిల్వ కరెంటు, ఇంటింటికీ కొలత. అందుకని రెండు పూటల వంటా, పిండి రుబ్బడం, నీళ్ళు ఎక్కించడం, మా అత్త మోకాళ్ళకు వేడి గుడ్డ, అన్నీ మిట్టమధ్యాహ్నం లోపలే. ఆ వేళకు వీధి మొత్తం గిర్రుమంటూ తిరుగుతూ ఉంటుంది. నాకు ఆ చప్పుడంటే ఇష్టం. నాలుగింటికి అన్నీ ఒక్కసారి ఆగిపోతే పిచ్చుకలు వినపడతాయి.

ఈ మధ్య పట్నాల్లో కప్పులన్నిటికీ సున్నం వేయాలన్నారు, ఎండ లోపలికి దిగకుండా. మన సున్నం బట్టీల ముందు బళ్ళు వరసకట్టి ఉంటున్నాయి. పదకొండు బట్టీలూ మండుతూనే ఉన్నాయి. మా ఆయన సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉంటాయి.

ఆకుపచ్చ పుస్తకంలో బట్టీల పేజీ నింపాను. నంబర్లు లేవు, ఎవరి బట్టీ అయితే వాళ్ళ పేరే రాయాలి. పది పేర్లు గబగబా రాశాను. మా దాని దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. మా ఇళ్ళల్లో మొగుడి పేరు నోటితో అనరు. అంటే ఆయుష్షు తగ్గుతుందంటారు. రాస్తే తగ్గుతుందో లేదో ఎవరూ చెప్పలేదు. ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని రాసేశాను: ఏడుకొండలు. నీకు తెలియాలని ఇక్కడ ఒక్కసారి రాశాను. ఇక మీద మా ఆయన అనే రాస్తాను.

రోజు 19

బట్టీల దగ్గర మగవాళ్ళందరూ కూర్చుని వాదించుకున్నారు. అన్నం క్యారేజీ పట్టుకెళ్ళి, అయిపోయేదాకా రాళ్ళ గుట్ట పక్కన నిలబడ్డాను.

ప్లానాఫీసు వాళ్ళు చెప్పింది ఇది. ముప్పయ్యో రోజులోగా బొగ్గు బట్టీలన్నీ మూసిన ఊరికి కరెంటు బట్టీ ముందు ఇస్తారు. పెద్దది, పైన పొగ పట్టే గొడుగుతో, పదకొండు ఇళ్ళకూ కలిపి ఒకటి. ఈ ఏడు ఆరు ఊళ్ళకే వస్తుంది.

"ముందు ఆళ్ళ బట్టీ రానియ్యండి. తర్వాత మనయ్యి కొండెక్కిద్దాం" అన్నాడు పెదకాశయ్య. బట్టీల వాళ్ళలో ఆయనే పెద్ద.

"ముందు కొండెక్కిచ్చినోళ్ళకే ముందు ఇస్తారు పెదనాన్నా" అన్నాడు మా ఆయన.

"ఇయ్యకపోతే? ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె. నా ఇంట్లో ఎనిమిది మందిరా."

"నా మాట మీద చెయ్యండి. రాకపోతే నన్నడగండి."

ఆ మాట అనగానే క్యారేజీ రాళ్ళ మీద పెట్టేశాను. మా ఆయనకు ఇరవై ఆరేళ్ళు. అంతమంది పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చివరికి సరే అన్నారు.

ఇంటికొచ్చే దారిలో మా ఆయనను అడిగాను, బొగ్గు లేకపోతే పొగే ఉండదు గదా, ఇంకా ఆ బట్టీకి పైన గొడుగెందుకని.

"బొగ్గు పొగ సగమే. రాయి కాలేటప్పుడు దాని లోపలి ఊపిరి కూడా బయటికొచ్చిద్ది. కంటికి కనపడదు. ఆ గొడుగు దాన్ని పట్టుకుని గొట్టంలోకి తోసిద్ది, భూమిలోకి పంపిస్తారు."

"మరి సున్నానికి ఊపిరి లేకుండా పోద్దా?"

"గోడకి వేసినాక గాల్లో నించి మళ్ళీ లాక్కుంటది. అందుకే గట్టిపడేది." అని నవ్వాడు. "గోడలు తాగుతుంటాయే సామ్రాజ్యం. మనకి కనపడవు అంతే."

ఇంటికెళ్ళి మా గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

రోజు 30

ఈరోజు పదకొండు బట్టీలూ కొండెక్కాయి.

నువ్వు ఈ ఊరికి కోడలిగా వచ్చినదానివైతే నీకు చెప్పాలి. దీపం ఆరిపోయింది అని ఎక్కడా అనరు, కొండెక్కింది అంటారు. ఇక్కడ బట్టీకి కూడా అదే మాట. మిగతా ఊళ్ళలో నోరుజారినా సర్దుకుపోతారేమో, ఇక్కడ కాదు. మా మామగారు ఉన్న రోజుల్లో ఎవరో పైఊరి బండివాడు "మీ బట్టీ ఆరిపోయిందేం" అన్నాడట. వారం తిరక్కుండా ఆయన పోయారు. అప్పుడు మా ఆయనకు ఆరేళ్ళు. మా అత్త ఆ కథ చెప్పేటప్పుడు కూడా ఆ మాట దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

పసుపు, కుంకుమ, పెరుగన్నం పెట్టారు. బొగ్గు వేయడం మానేసి, గాలి రంధ్రాలు మూసి, సాయంత్రానికల్లా అన్నీ కొండెక్కాయి. మా అత్త ఏడవలేదు. బట్టీ గోడ నిమిరి, "పని చేశావు తల్లీ, ఇంక పడుకో" అంది. లోపలి ఇటుకలు కొత్తబట్టీ పునాదికి పనికొస్తాయని రేపటి నుంచి ఊడదీస్తారు.

ఆకుపచ్చ పుస్తకంలో మా ఆయన పేరు రాసి, బట్టీ కొండెక్కింది అని రాశాను. మిగతా పది కూడా కొండెక్కాయి అని రాశాను. బొగ్గు ఎంత ఉందో కూడా రాయమన్నారు. బొగ్గు నిండుకుంది అని రాశాను.

రోజు 42

పని లేని రోజులు ఇంత బాగుంటాయని నాకు తెలియదు. మా ఆయన ఇంటి పట్టునే ఉంటున్నాడు. నిన్న వంకాయ పచ్చడి తనే చేస్తానన్నాడు. నూనె లేకుండా కాలుద్దామని కరెంటు పొయ్యి మీద వంకాయ నిలబెట్టి గంటసేపు చూశాడు.

"కాలట్లేదేందే?"

"మంట లేకుండా ఎట్టా కాలుద్ది మావా?"

"కాల్చిన వంకాయ పచ్చడి లేని దేశం ఒక దేశమా" అని ఆ పచ్చికాయే ఉప్పు అద్దుకుని తిన్నాడు. మా అత్త పడీ పడీ నవ్వింది.

నేను ఇల్లంతా సున్నం వేశాను. ఆయన నిచ్చెన పట్టుకున్నాడు. నిచ్చెన పట్టుకోవడానికి అంత దగ్గరగా నిలబడాల్సిన అవసరం లేదు.

రోజు 53

నెమలికొండ చుట్టూ ఎగిరే యంత్రాలు తిరుగుతున్నాయి. మూడు రోజులుగా పొద్దున్నే వచ్చి కొండ మీద ప్రతి బండనూ చూసి పోతున్నాయి. మేకలు బెదిరి చేలల్లో పడ్డాయి. దేనికోసం వెతుకుతున్నాయో ఎవరికీ తెలియదు. దొంగలెవరో దాక్కున్నారని ఒకరు, కొత్త స్తంభం వేస్తారని ఒకరు అంటున్నారు.

రోజు 55

నోటీసు వచ్చింది. పంచాయతీ గుమాస్తా అందరి ముందూ బిగ్గరగా చదివాడు.

"మీ పదకొండు బట్టీలను ఏడుకొండలు ఎక్కించినట్టు మీ ఊరి దినపుస్తకంలోనే ఉన్నది. అందుచేత మీకు కేటాయించిన కరెంటు బట్టీని నిలుపుదల చేయడమైనది. అరవై మూడో రోజున అధికారి విచారణకు వచ్చెదరు. సరైన జవాబు లేనిచో సదరు బట్టీ జాబితాలోని తర్వాతి ఊరికి పోవును."

అందరూ మా ఆయన వైపు తిరిగారు.

"ఏందిరా ఇది?" అన్నాడు పెదకాశయ్య. "నా బట్టీ కూడా నువ్వే కొండెక్కిచ్చావా? పదకొండూ నీ చేత్తోనే చేసినట్టు రాయించుకున్నావా?"

"నేనేం రాయించలేదు పెదనాన్నా."

"రాసేది నీ పెళ్ళామేగా!"

"అయినా కొండెక్కిచ్చినందుకు బట్టీ ఆపటమేంది? కొండెక్కియ్యమంది ఆళ్ళేగా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ గోలలో ఒక మాట మాత్రం నాకు స్పష్టంగా వినిపించింది. నీ మాట మీదే మూశాం, బట్టీ రాకపోతే నువ్వే చెప్పాలి.

ఇంటికొచ్చి మా ఆయన అన్నం తినలేదు. బట్టీ రాకపోతే పదకొండు ఇళ్ళూ సముద్రపు ఒడ్డుకు వలస పోవాలి, అక్కడ గాలిమరల కింద పని ఉందట. ఇల్లొకచోట, మనిషొకచోట. మా అత్త మోకాళ్ళతో ఎక్కడికీ రాదు.

రోజు 56

గుమాస్తా భార్యను అడిగి ఆ నోటీసు తెచ్చుకుని చూశాను. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే మనిషిని. అందుకే కనపడింది. ‘ఏడు’కూ ‘కొండలు’కూ మధ్య ఖాళీ ఉంది.

ఏడుకొండలు కాదు. ఏడు కొండలు.

అప్పుడు ఎగిరే యంత్రాలు గుర్తొచ్చాయి. నోటీసు మళ్ళీ మొదటి నుంచి చదివాను. నేను రాసింది అద్దం రాజధాని భాషలోకి మార్చినప్పుడు, బట్టీ కొండెక్కిందంటే బట్టీని మోసుకెళ్ళి కొండ మీద పెట్టారనుకుంది. మా ఆయన పేరేమో ఎన్ని కొండలో చెప్పే లెక్క అనుకుంది. ప్లానాఫీసు వాళ్ళ కళ్ళకు ఇప్పుడు మేము పదకొండు బట్టీలను ఏడు కొండల్లో దాచి బొగ్గు కాలుస్తున్న వాళ్ళం.

ఇంట్లో మాట్లాడుకున్నట్టే రాయమన్నారు. అలాగే రాశాను.

రోజు 59

ఆదివారం. కొండ మీద బట్టీలు లేవు అని పెద్ద అక్షరాలతో రాసి అద్దానికి చూపించాను. ఎప్పటిలాగే ఆకుపచ్చ దీపం వెలిగింది, అంతే. గుమాస్తా గోడకు అంటించిన విచారణ నోటీసు అలాగే ఉంది.

అసలు రాయాల్సింది అది కాదని నాకు తెలుసు. కొండెక్కింది అంటే ఏమిటో రాయాలి. మా ఆయన పేరు పక్కన ఆ మాట రాయాలి. మూడుసార్లు కలం పెట్టాను. మొదటి అక్షరం దగ్గరే చెయ్యి ఆగిపోయింది. నమ్ముతావా అని నన్ను నేనే అడిగాను. నమ్మను. కానీ నమ్మకపోవడం వేరు, చేత్తో రాయడం వేరు.

రోజు 61

మా ఆయనకు చెప్పేశాను. బియ్యం ఏరుతూ తల దించుకుని చెప్పాను.

ముందు నవ్వాడు. "నేను ఏడు కొండలా? ఇంకా నయం, నిన్ను చూసి ఈళ్ళకో రాజ్యముందని దండు పంపలా" అన్నాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"నేను చెప్తాలే. నువ్వు ముందుకి రాబాక. ఊళ్ళో నిన్ను తిడతారు."

"ఏమని చెప్తావు?"

నోరు తెరిచాడు. గుమ్మంలో కూర్చున్న వాళ్ళమ్మను చూశాడు. నా చేతిలో చేట లాక్కుని తనే బియ్యం ఏరడం మొదలుపెట్టాడు.

రోజు 63

ఇది వివరంగా రాస్తాను, తొందరపడకుండా.

వచ్చిన అధికారి ఒక ఆడమనిషి, సన్యాల్ గారు, కలకత్తా వైపు ఆవిడ. చెవిలో ఒక యంత్రం, బల్ల మీద ఒక పెట్టె. మనం మాట్లాడితే చెవిలో ఆవిడ భాష, ఆవిడ మాట్లాడితే పెట్టెలోంచి మన భాష. ముందు బట్టీలు చూసొచ్చారు. ఇటుకలు ఊడదీసి ఖాళీగా ఉన్నాయి కదా, ముఖం ఇంకా గట్టిగా పెట్టారు. పంచాయతీ హాల్లో మగవాళ్ళు ముందు, మేము వెనక గోడ దగ్గర.

"మీరు బట్టీలను కొండ ఎక్కించారా?" అంది పెట్టె.

"ఎక్కించామండీ! పదకొండూ!" అన్నాడు పెదకాశయ్య, రొమ్ము విరుచుకుని. మా ఆయన ఒక్కడే కాదు, తానూ చేశానని చెప్పుకోవాలని ఆయన ఎనిమిది రోజులుగా కాచుకుని ఉన్నాడు.

"మీరే స్వయంగా?"

"మా చేతుల్తో. ఎవురి బట్టీ ఆళ్ళే. ఒక్క పొద్దులో కొండెక్కినయ్."

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "ఒక్క రోజులో పదకొండు బట్టీలా?"

"మాకదెంత పనండీ! తరాల నుంచి చేస్తన్నాం."

"తరాల నుంచా!" అంది పెట్టె. ఆవిడ గబగబా రాసుకున్నారు. మా ఆయన తల పట్టుకున్నాడు.

"ఏడు కొండలు ఎక్కడ ఉన్నాయి?"

పదిమందీ మా ఆయన వైపు చెయ్యి చూపించారు. మా ఆయన వెనక కిటికీ, కిటికీలో నెమలికొండ. ఆవిడ అటు చూశారు.

"అది ఒక్కటే కదా. మిగతా ఆరు?"

"ఒక్కడేనండీ" అన్నాడు పెదకాశయ్య. "వాళ్ళమ్మకి ఒక్కడే."

ఆవిడ చెవిలో యంత్రాన్ని ఒకసారి తట్టి చూసుకున్నారు. "బొగ్గు నిండుగా ఉందని కూడా మీరే రాశారు" అన్నారు.

మా ఆయన లేచాడు. "అమ్మా, అది కాదు. కొండెక్కటమంటే..." మా అత్త దగ్గింది. "అంటే, చల్లబడటమండీ."

"చల్లదనం కోసం కొండ మీదికి తీసుకెళ్ళారా?" అంది పెట్టె.

మా ఆయన కూర్చున్నాడు. ఆవిడ కాగితాలు సర్దుకుంటున్నారు. చివరి కాగితం మీద సంతకం చేయడానికి కలం మూత తీశారు. ఆ సంతకంతో బట్టీ వేరే ఊరికి పోతుంది.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. నడిచినట్టు కూడా గుర్తులేదు. బల్ల ముందు ఉన్నాను. పెట్టె దగ్గరికి వంగి చెప్పాను, అది సరిగ్గా వినాలని.

"అవి కొండలు కాదండీ. ఏడుకొండలు మా ఆయన పేరు."

వెనక ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు.

"కొండెక్కిందంటే ఎక్కడికీ పోవటం కాదు. మేము అనలేక అట్టా అంటాం." పెట్టెకు ఇంకా దగ్గరగా వంగాను. "ఆరిపోయింది. ఏడుకొండలు బట్టీ ఆరిపోయింది. పదకొండు బట్టీలూ ఆరిపోయినయ్. ఇంక వెలగవు. తప్పు నాది, రాసింది నేను."

తిరిగి చూస్తే మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. నా మాట ఆవిడ చెవిలో ఆవిడ భాషలో పడింది. సన్యాల్ గారు యంత్రం చెవిలోంచి తీసేసి నన్ను చూశారు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. రెండోసారి అంత కష్టం కాలేదు.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. బల్ల మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

"మా వైపు ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయని అనరు" అంది పెట్టె. "పెరుగుతున్నాయి అంటారు."

"మేము నిండుకున్నయ్ అంటాం" అంది మా అత్త వెనక నుంచి, ఊరుకోలేక.

ఆవిడ నవ్వు ఆపి పేజీ వెనక్కి తిప్పారు. "అయితే ఈ బొగ్గు?"

"అయిపోయిందండీ" అన్నాను.

పెదకాశయ్య గడ్డం గోక్కున్నాడు. "అమ్మా, ఒక మాట. మీ వైపు బియ్యం అయిపోయిన ఊళ్ళన్నీ మీ లెక్కల్లో బాగా పండినట్టుండవూ?"

సన్యాల్ గారి ముఖంలో నవ్వు పోయింది. చాలాసేపు ఏదో రాసుకున్నారు. తర్వాత సంతకం పెట్టాల్సిన కాగితాన్ని మధ్యకు చింపారు.

రోజు 64

మా అత్త నాతో మాట్లాడలేదు. నిన్న ఇంటికి రాగానే కొడుకుకు ఉప్పు దిగదుడిచి నీళ్ళల్లో వేసింది. పొద్దున్న మళ్ళీ దిగదుడిచింది. నాకు కంచంలో అన్నం పెట్టింది గానీ కూర ఎంత కావాలో అడగలేదు.

రోజు 66

నిన్న మా ఆయన తుమ్మాడు.

అత్త చేతిలో చేట అలాగే ఆగిపోయింది. నేను గిన్నె తోముతూ ఆగిపోయాను. ఆయన మా ఇద్దరినీ చూశాడు. మళ్ళీ తుమ్మాడు. సున్నపు గోడ దులిపితే ఎవరికైనా తుమ్ములొస్తాయి, అది మాకూ తెలుసు. అయినా ఆ రాత్రి అత్తా నేనూ మాటిమాటికీ లేచి చూడటం ఆయనకు తెలియదు.

రోజు 70

వారం గడిచింది. మా అత్త వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, పొద్దున్నే మా ఆయన ఎదురుగా కూర్చుని మూడు దోసెలు తినిపించింది. నాలుగోది కూడా పెట్టింది. తర్వాత వంటింట్లోకి వచ్చి నా పక్కన పీట వేసుకుంది.

"ఏమే."

"ఏందత్తా?"

"ఆ బండోడు ఆ మాట అన్నప్పటికే మీ మామకి రెండు నెలల నుంచి దగ్గుండేది. బొగ్గు పొగ." కాసేపు ఉల్లిపాయ వొలిచింది. "నాకు తెలుసు. అయినా ఎవుర్నో ఒకర్ని తిట్టుకోవాలిగా."

ఆవిడ చేతిలో ఉల్లిపాయ తీసుకున్నాను, కళ్ళు మండకుండా.

రోజు 92

కరెంటు బట్టీ నాలుగు బళ్ళ మీద వచ్చింది. బిగించడానికి పదహారు రోజులు పట్టింది. పాత ఇటుకలు పునాదికి సరిగ్గా సరిపోలేదు, ఒక వరుస తక్కువొచ్చింది. పెదకాశయ్య తన దొడ్డి గోడ పడగొట్టి ఇచ్చాడు. "ఏరా ఏడు కొండలూ, ఈ ఇటుకలు ఏ కొండ మీద పెట్టాల?" అని అరిచాడు. ఊళ్ళో ఇప్పుడు మా ఆయనను అందరూ మధ్యలో ఖాళీ వదిలే పిలుస్తున్నారు.

మధ్యాహ్నం ఎండ కరెంటులో మొదటి విడత రాయి కాల్చడం మొదలైంది. మంట లేదు, పొగ లేదు. లోపల ఎర్రగా అయింది, అంతే. మగవాళ్ళంతా దూరంగా చేతులు కట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినట్టు నిలబడ్డారు.

"వాసన లేదేందిరా?" అన్నాడు పెదకాశయ్య. ఎవరూ నవ్వలేదు. అందరికీ అదే అనిపించింది.

రాయి ఊపిరి గొడుగులోకి పోతున్నట్టు ఒక ముల్లు కదిలి చూపిస్తుంది. మా అత్త ఆ ముల్లుకు బొట్టు పెట్టింది.

రోజు 117

చీటీలు ఎల్లుండి. ఈ పుస్తకం నీ చేతికి వచ్చే వేళ అయింది.

నీ పనిలో ఒకటి కొత్తగా చేరింది. సన్యాల్ గారు ఆకుపచ్చ పుస్తకాల్లో ఒక పేజీ పెట్టించారు, అన్ని ఊళ్ళకూ. ‘మీ ఇంట్లో అనని మాటలు’ అని దాని పేరు. ఏది అనకుండా దాని బదులు ఏమంటామో రాయాలి. నేను పదహారు రాశాను. పోతాను అనం, వస్తాను అంటాం. మంగళసూత్రం తెగితే పెరిగింది అంటాం. అలాంటివి. రాసేటప్పుడు ఎడమచెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆ పేజీలు వచ్చాక రాజధానిలో దేశం లెక్క మళ్ళీ వేశారట. సున్నాకు ఇంకా ఆరేళ్ళే అనుకున్నారు, తొమ్మిదేళ్ళు పడుతుందని తేలిందట. గుమాస్తా దిగులుపడ్డాడు. నాకు దిగులనిపించలేదు. ఉన్నది తెలిస్తే నయం కదా.

ఇంకొకటి రాసి ముగిస్తాను. ఇది రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను.

నాలుగు రోజుల కిందట అన్నం క్యారేజీ తీసుకెళ్ళాను. మిగతావాళ్ళు నీడకు పోయారు. మా ఆయన సున్నపు కుప్ప వెనక ఒక్కడే ఉన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, వెళ్ళబోతుంటే ఆపాడు.

"సామ్రాజ్యం, ఆరోజు హాల్లో నా పేరు అన్నావు చూడు."

భయం వేసింది. ఇన్ని రోజులకు తిడతాడేమోనని. "తప్పలేదు మావా" అన్నాను.

"నాకు ఇరవై ఆరేళ్ళు. ఆ పేరుతో అందరూ పిలిచారు. మా అమ్మ పిలిచిద్ది, ఊరు పిలిచిద్ది, పెదనాన్న తిట్టి మరీ పిలుస్తాడు. అది నాదేనని ఎప్పుడూ అనిపించలా." అటూ ఇటూ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అంత మనిషికి సిగ్గు వస్తుందని నాకు తెలియదు. "ఆరోజు నువ్వు అంటే అనిపించింది. ఇంకోసారి అంటావా?"

ఎవరూ లేరని రెండుసార్లు చూసి అన్నాను. మెల్లగా, మధ్యలో ఖాళీ లేకుండా.

తర్వాతి సంగతి నీకు రాయను. ఇప్పుడు రోజూ ఒకసారి అంటున్నాను, అదీ ఆయనకు మాత్రమే వినపడేట్టు. మా అత్తకు తెలిస్తే ఉప్పు బస్తా తెప్పిస్తుంది. అందుకని ఇది చదివాక దయచేసి ఈ కాగితాలు కాల్చెయ్యి. ఊళ్ళో పొయ్యిల్లో మంట లేదు కాబట్టి దేవుడి దీపం దగ్గరే, ఒక్కొక్కటిగా. బూడిద మొక్కలకు వెయ్యి. ఆ కాస్త పొగ ఆకుపచ్చ పుస్తకంలో రాయకు. కిందటి వారం మా పెరటి గోడకు రెండోసారి సున్నం వేశాను, అది పీల్చుకుంటుంది.